వాన రోజున కోలారు బంగారు గనులు

బెంగళూరులో స్థిరపడిన తెలుగువారు ఉదయం బయలుదేరి రాత్రికి తిరిగి రాగల చారిత్రక పట్టణాలలో కోలారు బంగారు గనుల ప్రాంతం ఒకటి. దూరం సుమారు 100 కిలోమీటర్లు. సాధారణంగా ఇటువంటి ప్రయాణానికి ఎండ కాసే రోజును ఎంచుకుంటారు. కాని ఈ పట్టణాన్ని అర్థం చేసుకోవడానికి వాన రోజే అనువైనది. ఇక్కడి చరిత్రలో బంగారానికి ఎంత ప్రాధాన్యం ఉన్నదో నీటికీ అంతే ఉన్నది. ఆ సంగతి వాన పడుతున్నప్పుడు కంటికి కనబడుతుంది.

కోలారు జిల్లాలో ఏడాది పొడవునా పారే నది లేదు. నంది కొండల ప్రాంతంలో పుట్టిన పాలారు ఈ జిల్లా గుండా ప్రవహించినా, వానలు కురిసినప్పుడే దానిలో నీరు కనిపిస్తుంది. సెప్టెంబరు, అక్టోబరు నెలలలో వర్షాలు ఎక్కువ. ఆ నీటిని చెరువులలో నిలుపుకొనే పూర్వులు ఇక్కడ సేద్యం చేశారు.

రైలు దారి

బెంగళూరు కంటోన్మెంటును జోలార్‌పేటతో కలిపే రైలు మార్గం 1864లో ప్రారంభమైంది. ఆ మార్గంలోని ఒక స్టేషనుకు మైసూరు కమిషనరు బౌరింగ్ పేరిట బౌరింగ్‌పేట అని పేరు పెట్టారు. అదే నేటి బంగారపేట. అక్కడ చీలిన శాఖా మార్గం ఊరిగాం, ఛాంపియన్ స్టేషన్ల మీదుగా మారికుప్పం చేరి ముగుస్తుంది. ఒకప్పుడు గనుల కోసం వేసిన ఈ దారి, గనులు మూతపడిన తరువాత, పని కోసం ప్రతిదినం బెంగళూరుకు వెళ్లి వచ్చే వేలాది మందికి జీవనాధారమైంది. ఉదయం మారికుప్పం వైపు వెళ్లే సందర్శకునికి నగరం వైపు నిండుగా పోయే రైళ్లు ఎదురవుతాయి.

దూరపు వానతో తిరిగిన యంత్రాలు

1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ అనే ఆంగ్ల సంస్థ ఇక్కడ గనుల నిర్వహణ చేపట్టింది. గని లోతు పెరిగిన కొద్దీ లోపల ఊరే నీటిని తోడివేయాలి, గాలిని లోపలికి పంపాలి, రాతిని పైకి లాగాలి. ఈ పనులన్నిటికీ శక్తి కావాలి. అందుకై కావేరి నదిపై శివనసముద్రం వద్ద జలవిద్యుత్ కేంద్రం నిర్మించారు. 1902లో అక్కడి విద్యుత్తు దాదాపు 150 కిలోమీటర్ల తీగల మీదుగా గనులకు చేరింది. ఆనాటికి ప్రపంచంలోని అతి పొడవైన విద్యుత్ మార్గాలలో అదొకటి. బెంగళూరు వీధులలో విద్యుద్దీపాలు వెలిగింది 1905లో. అంటే రాజధాని కంటే ముందే గనులకు కరెంటు వచ్చింది. వేసవిలో కావేరి ప్రవాహం తగ్గితే విద్యుత్తూ తగ్గేది. 1911లో ఆరంభమైన కన్నంబాడి ఆనకట్టకు గల కారణాలలో గనులకు నిలకడగా విద్యుత్తు అందించడం కూడా ఒకటి. ఈ విధంగా కొడగు కొండలలో కురిసిన వాన కోలారు పాతాళంలో యంత్రాలను నడిపింది.

ఛాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లకు మించిన లోతుకు వెళ్లింది. అంత లోతున రాయి తాకలేనంత వేడిగా ఉంటుంది. పైనున్న భూభారానికి శిల ఒక్కసారిగా పగిలి కార్మికులపై పడిన ప్రమాదాలు అనేకం. 1956లో గనులు జాతీయమయ్యాయి. 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. సుమారు 120 సంవత్సరాలలో దాదాపు 800 టన్నుల బంగారం వెలికి వచ్చింది. పంపులు ఆగిన తరువాత ఏ నీటిని తోడివేస్తూ తవ్వారో ఆ నీరే సొరంగాలను నింపింది.

నీరు అందని వీధులు

గనుల పట్టణానికి తాగునీరు పాలారు మీది ప్రాచీనమైన బేతమంగళం చెరువు నుంచి వచ్చేది. అయితే ఆ నీరు అందరికీ ఒకే తీరున అందలేదు. అధికారుల బంగళాలకు తోటలు, క్లబ్బు, ఆటస్థలాలు ఉండగా, కార్మికులు ‘లైన్లు’ అని పిలిచే ఇరుకు ఇండ్ల వరుసలలో ఉండేవారు. అక్కడి మరుగుదొడ్లకు నీటి వసతి లేదు. వాటిని మనుషులు చేతులతో శుభ్రం చేయవలసి వచ్చేది.

గనుల కార్మికులలో అత్యధికులు తమిళ ప్రాంతాల నుంచి వచ్చినవారు. వారితో పాటు తెలుగువారూ వచ్చారు. చిత్తూరు 1911 వరకు ఉత్తర ఆర్కాటు జిల్లాలో భాగం. కాబట్టి ‘ఉత్తర ఆర్కాటు కూలీలు’ అనే మాటలో తెలుగు కుటుంబాలు కూడా ఇమిడి ఉన్నాయి. పొడి మరుగుదొడ్లను శుభ్రం చేసినవారిలోనూ తెలుగు దళిత కుటుంబాలు ఉన్నాయి. అటువంటి కుటుంబంలోనే 1966లో బెజవాడ విల్సన్ జన్మించారు. తన వారు చేస్తున్న పనిని చూసి, ఇక్కడి పొడి మరుగుదొడ్లను తొలగించాలని ఆయన ఆరంభించిన పోరాటం సఫాయి కర్మచారి ఆందోళన్ పేరుతో దేశమంతటికీ విస్తరించింది. 2016లో ఆయనకు రామన్ మెగసెసే పురస్కారం లభించింది. మనుషుల చేత మలం ఎత్తించడం నేడు చట్టరీత్యా నేరం. కోలారు బంగారాన్ని తలచుకునేటప్పుడు ఈ చేతులను కూడా తలచుకోవలసి ఉన్నది.

దిబ్బల వద్ద జాగ్రత్త

పట్టణం చుట్టూ కొండల వలె కనిపించేవి కొండలు కావు. బంగారు రాతిని పొడి చేసి, సైనైడు ద్రావణంతో బంగారాన్ని వేరు చేసిన తరువాత మిగిలిన మట్టి దిబ్బలవి. వీటిలో మూడు కోట్ల టన్నులకు పైగా మట్టి ఉన్నదని అంచనా. సైనైడు ఎండకు, గాలికి క్రమంగా విచ్ఛిన్నమవుతుంది. కాని రాతిలోని గంధక ఖనిజాలు నీటితో, గాలితో కలిసినప్పుడు ఆమ్లం పుడుతుంది. అది లోహాలను కరిగించుకొని పల్లానికి పారుతుంది. వేసవిలో దుమ్ముగా ఇండ్లలోకి వచ్చేది, వానాకాలంలో కాలువలలోకి దిగుతుంది.

వాన రోజున దిబ్బ ఒరలలో పడిన గాళ్లను దూరం నుంచే చూడవచ్చు. ఛాయాచిత్రాల కోసం వాటిపైకి ఎక్కరాదు. తడిసిన మట్టి జారుతుంది, అంచులు విరిగిపడతాయి. దిబ్బల నుంచి పారే నీటిలో పిల్లలను ఆడనివ్వరాదు. కంచె వేసిన పాత గనుల ఆవరణలోకి, నేల కుంగిన చోట్లకు పోరాదు.

మన నగరపు నీరు

తిరుగు ప్రయాణంలో, సుమారు 30 కిలోమీటర్ల దూరాన ఉన్న కోలారు పట్టణంలో ఆగవచ్చు. చోళుల కాలపు శాసనాలు గల కోలారమ్మ ఆలయం, విజయనగర శిల్పరీతిలో నిర్మించిన సోమేశ్వరాలయం అక్కడ ఉన్నాయి. పక్కనున్న కొండపై అంతరగంగ వద్ద రాతి నంది నోటి నుంచి ఊటనీరు ధారగా పడుతుంది.

దారిలో కనిపించే చెరువులలోని నీరంతా వాననీరు కాదు. 2018 నుంచి కోరమంగల–చల్లఘట్ట లోయ పథకం కింద బెంగళూరు మురుగునీటిని రెండు దశలలో శుద్ధి చేసి కోలారు చెరువులకు పంపుతున్నారు. దీనితో భూగర్భ జలాలు పెరిగాయని సంతోషించే రైతులు ఉన్నారు. మూడవ దశ శుద్ధి కూడా జరగాలని కోరేవారూ ఉన్నారు. ఒక శతాబ్దం పాటు కోలారు బంగారం బయటికి వెళ్లింది. నేడు నగరం వాడిన నీరు కోలారుకు వస్తున్నది.

కనుక బెంగళూరులోని ప్రతి ఇంటికీ ఈ యాత్రతో సంబంధం ఉన్నది. వాడిన నూనెను, రంగులను, మందులను, రసాయనాలను కాలువలో పోయకపోవడం కేవలం తమ వీధి శుభ్రతకు సంబంధించిన విషయం కాదు. ఆ నీరు చేరే చెరువు కింద, ఎక్కువమంది తెలుగు మాట్లాడే ఊళ్లలో, ఎవరో టమాటా నారు నాటుతున్నారు.