తలగడ గలీబుతో మొదలైన యంత్రం

అమెరికాలోని ఒహాయో రాష్ట్రం, కాంటన్ పట్టణం. అక్కడి డిపార్ట్‌మెంట్ స్టోరులో జేమ్స్ మర్రే స్పాంగ్లర్ ఊడ్చే పనివాడు. వయసు అరవైకి దగ్గర పడింది, పైగా ఉబ్బసం. తివాచీ మీద చీపురు వేస్తే చాలు, లేచిన దుమ్ముకు ఊపిరాడేది కాదు. 1907లో ఆయన ఒక ఫ్యాను మోటారును పెట్టెలో బిగించి, చీపురు కర్రను పిడిగా పెట్టి, వెనక తలగడ గలీబు కట్టాడు. ఆ మోటారు లాగిన దుమ్ము గలీబులో పడింది.

అంతకు ఆరేళ్ల ముందే లండన్‌లో హ్యూబర్ట్ సెసిల్ బూత్ దుమ్ము లాగే యంత్రం తయారు చేశాడు. కానీ దాన్ని గుర్రాలు లాక్కొచ్చేవి. బండి వీధిలోనే ఆగేది, పొడవాటి గొట్టాలు కిటికీల్లోంచి ఇంట్లోకి వెళ్లేవి. 1902లో ఏడో ఎడ్వర్డ్ పట్టాభిషేకానికి వెస్ట్‌మినిస్టర్ అబీ తివాచీలను శుభ్రం చేసింది బూత్ యంత్రమే. ఘనత సరే, సామాన్యుడి ఇంట్లో పట్టే సరుకు కాదది. స్పాంగ్లర్‌ది పట్టింది. 1908 జూన్‌లో పేటెంటు వచ్చింది. దాన్ని కొన్నవాడు జీన్లు, తోలు సామాను చేసే విలియం హెన్రీ హూవర్. కార్లొచ్చి గుర్రాలు తగ్గుతున్న రోజుల్లో ఆయనకూ కొత్త వ్యాపారం కావాలి.

ఈ వాక్యూమ్ క్లీనరు దుమ్మును పీల్చుతుందని అంటాం గానీ, నిజానికి నెట్టేది బయటి గాలే. ఫ్యాను లోపలి గాలిని వెనక్కి విసిరేస్తుంది, ముందువైపు పీడనం తగ్గుతుంది, గదిలోని గాలి దుమ్ముతో సహా అటు తోసుకొస్తుంది. గొట్టానికి చెయ్యి అడ్డం పెడితే మోటారు శబ్దం పెరుగుతుంది. కష్టపడుతోందనుకుంటాం. అప్పుడే దానికి పని తక్కువ: కదిలించడానికి గాలి లేక తేలిగ్గా, వేగంగా తిరుగుతుంది. అలాగని అడ్డం పెట్టి ఉంచకూడదు. చాలా రకాల్లో మోటారును చల్లబరిచేది కూడా ఆ గాలే.

1930ల, 40ల నాటి నిలువు రకం హూవర్ యంత్రం పాతది ఒకటి చేతికొస్తే ముందు చూడాల్సింది మోటారు కాదు, తీగ. రాగి, ఇనుము ఎనభై ఏళ్లు నిలుస్తాయి. రబ్బరు నిలవదు. తీగ మీది రబ్బరు తొడుగు ఎండి, వంచితే పొడిపొడిగా రాలుతుంది. ఒళ్లు చాలావరకు లోహం, ఎర్తు వైరు సాధారణంగా ఉండదు. అందుకని ప్లగ్గు పెట్టి స్విచ్చి వేసే తొందర వద్దు. తీగ మార్చి, మెగ్గరుతో ఇన్సులేషన్ పరీక్షించి, మొదటిసారి బల్బును సిరీస్‌లో కలిపి నడపాలి. లోపల షార్టుంటే బల్బు నిండుగా వెలుగుతుంది, యంత్రం కాలిపోకుండా బయటపడుతుంది. అమెరికా నుంచి వచ్చినదైతే మన 230 వోల్టులకు తగ్గింపు ట్రాన్స్‌ఫార్మరు తప్పనిసరి.

తర్వాత కార్బన్ బ్రష్షులు. అవి అరిగిపోతే కమ్యుటేటరు దగ్గర నిప్పురవ్వలు ఎక్కువవుతాయి. బేరింగుల్లో గ్రీజు గట్టిపడి మైనంలా ఉంటుంది, కిరోసిన్‌తో కడిగి కొత్తది పెట్టాలి. బ్రష్షు రోలరు బెల్టు కూడా రబ్బరే, సాగిపోయి ఉంటుంది. ఈ రకంలో చెత్తంతా ఫ్యాను రెక్కల మధ్య నుంచే పోతుంది కాబట్టి, ఎప్పుడో మింగిన తలపిన్నో నాణెమో రెక్క అంచును విరగ్గొట్టి ఉండొచ్చు. అదురు ఎక్కువగా ఉంటే అనుమానించాల్సింది దాన్నే.

అసలు చిక్కంతా సంచిది. స్పాంగ్లర్ గలీబును ఫ్యాను వెనక కట్టాడు. అంటే సంచి లోపల పీడనం బయటికన్నా ఎక్కువ. నేతలో ఎక్కడ సందున్నా సన్నటి దుమ్ము గదిలోకే వస్తుంది. ఉబ్బసం ఉన్నవాడు తన ఊపిరి కోసం కట్టుకున్న యంత్రం ఊపిరితిత్తుల లోతుకు చేరే దుమ్మునే వదిలేసింది! 1921లో ఎలక్ట్రోలక్స్ కంపెనీ తన మోడల్ ఐదులో సంచిని ఫ్యానుకు ముందు పెట్టింది. అక్కడ పీడనం తక్కువ కనుక సందుంటే గాలి లోపలికే పోతుంది. నా లెక్కలో ఈ యంత్రం చరిత్రలో స్పాంగ్లర్ తర్వాత పెద్ద మలుపు ఇదే, సుడిగాలితో దుమ్మును వేరుచేసే డైసన్ యంత్రం కాదు.

మన ఊళ్లలో యురేకా ఫోర్బ్స్ 1982 తర్వాత ఇంటింటికీ తెచ్చి చూపించింది కూడా నేల మీద దొర్లించి గొట్టంతో వాడే రకమే. మన షాబాద్ బండల మీద, మొజాయిక్ గచ్చు మీద తివాచీలుండవు, తడిగుడ్డ చాలు. అందుకే అది చాలా ఇళ్లలో అటకెక్కింది. పరుపులకూ సోఫాలకూ పుస్తకాల అలమారకూ మాత్రం ఇప్పటికీ పనికొస్తుంది. నిలువు హూవర్ మన గచ్చుకు అసలు పనికిరాదు. దాని రోలరు తివాచీని తట్టి దులపడానికి పుట్టింది, గట్టి నేల మీద దుమ్మును చెదరగొడుతుంది.

తివాచీ ఉన్నవాళ్లు, బయట ఊళ్లలో ఉన్న మనవాళ్లు, నిక్షేపంగా వాడుకోవచ్చు. పాత గుడ్డ సంచిని మాత్రం తొందరపడి ఉతకొద్దు. నేతలో పట్టిన దుమ్ము పొరే కొంత జల్లెడగా పనిచేస్తుంది, ఉతికితే కొన్నాళ్లపాటు మరింత దుమ్ము కారుతుంది. లోపల కాగితం సంచి అమర్చడం మేలు. సేకర్తలకు అది అపచారంగా తోస్తుంది, అసలు రూపం పోతుందని. బయటికి కనపడేది అదే పాత గుడ్డ కదా, లోపలి కాగితాన్ని ఎవరు చూస్తారు? కాగితం సంచిని సగం నిండగానే పారేయాలి, అదీ ఆరుబయట.