చెక్ ట్రే ఎత్తే వేళ

మైపాడు దగ్గర మా రొయ్యల గుంట గట్టు మీద నాయన చెక్ ట్రే ఎత్తడం చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను. మేత చల్లిన రెండు గంటలకు తాడు పట్టి నెమ్మదిగా పైకి లాగుతాడు. మేత మిగిలిందా, రొయ్య పేగు నిండుగా ఉందా, గీత మధ్యలో తెగిపోయిందా అని టార్చి వెలుగులో చూసి మళ్లీ నీళ్లలోకి దించుతాడు. నాకు ఆత్రం ఆగేది కాదు. పది నిమిషాలకోసారి తాడు పట్టుకునేవాణ్ణి. "దించబ్బయా. ఊరికే ఎత్తి చూస్తా ఉంటే రొయ్య పెరగదు. దాని టైముకు చూడాల" అనేవాడు.

ఆ మాట నాకు ఇరవయ్యారేళ్ల వయసులో డల్లాస్‌లో మళ్లీ అవసరపడింది. ఎమ్మెస్ అయిపోయింది. చదువయ్యాక పనిచేసుకోనిచ్చే ఓపీటీ 12 నెలలు, స్టెమ్ పొడిగింపు మరో 24 నెలలు. మొదటి ఏడాదిలో ఉద్యోగం లేకుండా 90 రోజులకు మించి ఉండకూడదు. మార్చి వస్తే హెచ్1బి ఉద్యోగ వీసా లాటరీ. ఏడాదికి 65,000 వీసాలు, అమెరికాలో మాస్టర్స్ చదివినవాళ్లకు మరో 20,000. రెండుసార్లు నా పేరు రాలేదు. ఫోను దిండు కింద పెట్టుకుని పడుకునేవాణ్ణి. రాత్రి రెండింటికి లేచి మెయిలు చూడడం, లేఆఫ్ వార్తలు చదవడం, అదే ప్రశ్న నలుగురు స్నేహితులను అడగడం. ఇంటికి ఫోను చేసినప్పుడు మాత్రం ఒకటే మాట: "బావుండా నాయనా."

నెల్లూరు తీరంలో పుట్టినవాడికి రేపేమవుతుందో తెలియకపోవడం కొత్తా అని అడగొచ్చు. 1990ల మధ్యలో తెల్లమచ్చ వైరస్ వచ్చి టైగర్ రొయ్య గుంటలు వరసగా పాడయ్యాయి. 2009 తర్వాత వనామి రొయ్య వచ్చి మళ్లీ ఊపిరి పోసింది. వానలు, తుపాన్లు, కరెంటు కోతలు, వంద కౌంటు (కిలోకు వంద) రొయ్య రేటు పడిపోవడం, అన్నీ చూసిన ఊళ్లే అవి. కానీ అక్కడ నష్టం వచ్చినా పదిమందితో పాటు వస్తుంది. టీ కొట్టు దగ్గర దాన్ని తిట్టుకోవచ్చు. అపార్ట్‌మెంటు గదిలో ఒంటరిగా ఉన్న పిల్లవాడికి ఆ టీ కొట్టు లేదు. పైగా తన చదువుకు గుంట తాకట్టులో ఉందన్న సంగతి తల్లో తిరుగుతూనే ఉంటుంది.

ఈ వయసే అలాంటిదని అమెరికన్ మనస్తత్వవేత్త జెఫ్రీ ఆర్నెట్ 2000లో రాశారు. చదువు, ఉద్యోగం, ఊరు, తోడు ఒక్కటీ కుదురుకోని ఆ దశను ఆయన విడిగా గుర్తించి దానికో పేరు పెట్టారు. కెనడాలో క్యూబెక్‌లో పనిచేసిన మిషెల్ డ్యుగా, రాబర్ట్ లదుసేర్, మార్క్ ఫ్రీస్టన్ వంటి పరిశోధకులు అంతకుముందే, 1990లలో, దీన్ని ఇంకో వైపు నుంచి చూశారు. అతిగా ఆందోళనపడేవాళ్లను కుదిపేసేది చెడు జరుగుతుందన్న భయం ఒక్కటే కాదు, ఏం జరుగుతుందో తెలియని స్థితినే వాళ్లు ఓర్చుకోలేరు. దాన్ని కొలవడానికి 27 వాక్యాల ప్రశ్నపత్రం ఒకటి 1994లో వెలువడింది. చివరికి నేను వెళ్లిన థెరపిస్టు నాకిచ్చిన పత్రం దాని నుంచి వచ్చిందే. నింపుతుంటే ఎవరో నన్ను నెలల తరబడి గమనించి రాసినట్టు అనిపించింది.

థెరపీ అంటే సోఫాలో పడుకుని బాల్యం చెప్పుకోవడం అనుకునేవాణ్ణి. మాది చాలావరకు హోంవర్కు. మొదటి వారం పని: వీసా కేస్ స్టేటస్ రోజుకు ఒక్కసారే, సాయంత్రం ఆరింటికే చూడాలి. కాగితం మీద మూడు గళ్లు. చూడకపోతే ఏమవుతుందని అనుకున్నాను, నిజంగా ఏమైంది, ఏమైనా అయితే ఎలా తట్టుకున్నాను. మొదటి రోజు మధ్యాహ్నానికి చేతులు వణికాయి. నాలుగో రోజు ఆరు దాటి పావుగంట అయ్యాక గుర్తొచ్చింది. తర్వాత మెయిలు నాలుగోసారి చదవకుండా పంపడం, హోటల్లో ఎప్పుడూ తిననిది ఎవరినీ అడగకుండా తెప్పించుకోవడం. ఇవి చిన్న పనులే. కండకు బరువు అలవాటు చేసినట్టు, తెలియనితనాన్ని కొద్దికొద్దిగా మోయడం అలవాటు చేస్తారు. ఆదుర్దాకు రోజులో అరగంట కేటాయించి, మిగతా వేళల్లో వచ్చిన ఆలోచనను ఆ అరగంటకు వాయిదా వేసే పద్ధతిని థామస్ బోర్కోవెక్ బృందం 1983లోనే పరీక్షించి చూసింది.

ఇంకో పని ఆదుర్దాను రెండు కుప్పలుగా వేరుచేయడం. ఈ రోజు చేయి వేసి చేయగలిగింది ఒక కుప్ప: వేరే దేశానికి దరఖాస్తు, మరో కంపెనీకి రెజ్యూమె. రెండోది "ఒకవేళ" కుప్ప: ఒకవేళ తిరిగొస్తే ఊళ్లో ఏమనుకుంటారు? రెండోదాన్ని పూర్తిగా, వర్తమానంలో రాసుకురమ్మన్నారు. ఇంగ్లీషులో రాస్తే ఏమీ అనిపించలేదు. తెలుగులో రాశాను. సూట్‌కేసుతో మైపాడు రోడ్డు మీద దిగడం, అమ్మ ఏమీ అడగకుండా అన్నం పెట్టడం. మొదటిసారి చదివినప్పుడు గొంతు పెగల్లేదు. పదోసారికి అది ఒక కష్టమైన రోజులా కనిపించింది, అంతకుమించి కాదు.

భాష ఇంత పని చేస్తుందని నేను అనుకోలేదు. ఇంగ్లీషులో అంతా "యాంగ్జైటీ"నే. మనకు బెంగ వేరు, గుబులు వేరు, దిగులు వేరు, కంగారు వేరు. నాది ఇంటి మీద బెంగా, ఏదో జరగబోతోందన్న గుబులా అని తేల్చుకున్నాకే చికిత్స దారిన పడింది. తెలుగు మాట్లాడే థెరపిస్టు దొరికితే వదలొద్దు.

థెరపీ వీసా ఇప్పించదు. రొయ్య రేట్లు పెంచదు. బతకాలని లేదన్న ఆలోచన వస్తే హోంవర్కుతో ఆగకూడదు. అమెరికాలో 988 హెల్ప్‌లైన్‌కి, ఇండియాలో టెలీ మానస్ 14416కి వెంటనే ఫోను చేయాలి. 2022 అక్టోబరు 10న మొదలైన టెలీ మానస్ ఏ వేళలోనైనా ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు. అమెరికాలో చదివే పిల్లలు ముందుగా యూనివర్సిటీ కౌన్సెలింగ్ సెంటర్‌కి వెళ్లొచ్చు. ప్రాణాపాయం వంటి సందర్భాల్లో తప్ప అక్కడి మాటలు బయటికి రావు. మన తీరంలోని పల్లెల్లో సైకాలజిస్టులు లేరని చేతులు ముడుచుకోనక్కర్లేదు. డాక్టర్ విక్రమ్ పటేల్ బృందం గోవాలో మామూలు మనుషులకు శిక్షణ ఇచ్చి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లోనే కొద్దిపాటి సెషన్లతో డిప్రెషన్‌కు మాటల చికిత్స చేయించింది. అది మేలు చేసిందని 2017లో ప్రచురించింది. ఊరికి గుడి ప్రహరీ కట్టించే మన సంఘాలు ఇలాంటి శిక్షణకూ డబ్బు పెట్టాలని గట్టిగా కోరుతున్నాను.

2025 ఆగస్టు 27న అమెరికా మన రొయ్యలతో సహా చాలా సరుకుల మీద సుంకాన్ని 50 శాతానికి పెంచింది. నెల తిరక్కముందే, సెప్టెంబరు 19న, కొత్త హెచ్1బి దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము ప్రకటించింది. గట్టు మీది తండ్రికీ గదిలోని కొడుక్కీ ఒకే చోటి నుంచి దెబ్బ. నాయన రోజంతా వాట్సాప్ గ్రూపుల్లో రేట్లు చూస్తున్నాడని, అన్నం సరిగ్గా తినడం లేదని అమ్మ చెప్పింది. ఆ రాత్రి మొదటిసారి నాయనకు అన్నీ చెప్పాను. దిండు కింద ఫోను, మూడు గళ్ల కాగితం, ఆరింటి నియమం.

చాలాసేపు మాట్లాడలేదు. "ముందే చెప్పుండొచ్చు గదబ్బయా" అన్నాడు. కాసేపాగి, "ఆ ఆరింటికే చూసేదేందో, ఇంకోసారి చెప్పు" అన్నాడు.

వారం తర్వాత వీడియో కాల్ చేస్తే అక్కడ పొద్దు వాలుతోంది. వెనక ఏరియేటర్ల చప్పుడు. రేటెంతుందని అడగబోయి ఆగాను. "ఉండబ్బయా, ట్రే ఎత్తే టైమయింది" అని ఫోను గట్టు మీద వెల్లకిలా పెట్టాడు. నాకు ఆకాశం ఒక్కటే కనిపిస్తోంది, తాడు నీళ్లలోంచి పైకొస్తున్న చప్పుడు వినిపిస్తోంది.