వెన్నునీటిలో రక్త క్యాన్సర్ జాడ

రక్తంలో ప్రవహించే పదార్థాలన్నిటినీ మెదడులోకి చేరనివ్వని సహజమైన అవరోధం ఒకటి మన శరీరంలో ఉంది. మెదడును కాపాడే ఆ గోడే అనేక క్యాన్సర్ మందులను కూడా బయటే నిలిపివేస్తుంది. అందువల్ల మెదడు పొరల మధ్యకు చేరుకున్న కొద్దిపాటి ల్యుకేమియా కణాలు, మిగిలిన శరీరమంతటా వ్యాధి మందులకు లొంగిపోయినా, అక్కడ భద్రంగా మిగిలిపోగలవు.

ఈ సంగతి వైద్యులకు బోధపడింది చికిత్సలు ఫలించడం మొదలైన తరువాతనే. 1948లో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ ఎమినోప్టెరిన్ అనే మందుతో 16 మంది పిల్లలకు చికిత్స చేసి, 10 మందిలో ల్యుకేమియా తాత్కాలికంగా తగ్గిందని ప్రకటించాడు. ఆ మందును సమకూర్చినది భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నేతృత్వంలోని లెడర్లీ పరిశోధక బృందం. దానికి దగ్గరి బంధువైన మెథోట్రెక్సేట్ కూడా అక్కడినుంచి వచ్చినదే. తరువాతి కాలంలో మందులు మెరుగై పిల్లలు ఎక్కువకాలం జీవించసాగారు. అయితే రక్తంలోనూ ఎముక మజ్జలోనూ జాడలేని వ్యాధి, సగానికి పైగా పిల్లల్లో మెదడు పొరల్లో తిరగబెట్టేది. 1960ల చివర మెంఫిస్‌లోని సెయింట్ జూడ్ ఆసుపత్రిలో డోనాల్డ్ పింకెల్ బృందం కీమోథెరపీతో పాటు తలకు రేడియేషన్‌నూ, వెన్నులోకి నేరుగా మెథోట్రెక్సేట్‌నూ ఇచ్చి, సుమారు సగంమంది పిల్లలకు దీర్ఘకాలిక స్వస్థత చేకూర్చింది.

అయితే ఎదిగే మెదడుపై రేడియేషన్ ప్రభావం తేలికైనది కాదు. చదువులో వెనుకబడడం, ఎదుగుదల లోపాలు, ఏళ్ల తరువాత మరో కణితి ఏర్పడడం వంటివి కనిపించడంతో, నేడు అధికశాతం పిల్లలకు దానిని మానివేసి వెన్నులోకి ఇచ్చే మందులపైనే ఆధారపడుతున్నారు. చికిత్స తక్కువైతే వ్యాధి తిరగబెడుతుంది, ఎక్కువైతే మెదడు దెబ్బతింటుంది. ఎవరికి ఎంత అవసరమో నిర్ణయించడంలో ప్రయోగశాల ఇచ్చే నివేదిక కీలకమవుతుంది.

ఆ పరీక్షకు మూలం మస్తిష్క మేరు ద్రవం, వాడుకలో వెన్నునీరు. పెద్దవారిలో ఇది సుమారు 150 మిల్లీలీటర్లు ఉంటుంది. నడుము దగ్గర సూదితో దీనిని తీసే పద్ధతిని 1891లో జర్మన్ వైద్యుడు హైన్రిక్ క్వింకె ప్రవేశపెట్టాడు. పరీక్షకు అందేది కొద్ది మిల్లీలీటర్లే. ముందుగా అందులోని కణాలను లెక్కిస్తారు. ఆపై ప్రత్యేక యంత్రంలో వేగంగా తిప్పి కణాలను గాజుపలకపైకి చేర్చి, రంగు అద్ది, సూక్ష్మదర్శినిలో చూస్తారు. పిల్లల ల్యుకేమియాలో ఫలితాలు మూడు తరగతులు: బ్లాస్టు కణాలు లేకపోతే మొదటిది, మైక్రోలీటరుకు 5 కన్నా తక్కువ తెల్లకణాలుండి వాటిలో బ్లాస్టులు కనిపిస్తే రెండవది, 5 లేదా అంతకు మించిన తెల్లకణాలతో పాటు బ్లాస్టులుంటే మూడవది.

చెప్పడానికి సులువే గాని, ఇందులో చిక్కులున్నాయి. సూది చిన్న రక్తనాళాన్ని గాయపరిస్తే రక్తం కలుస్తుంది. మైక్రోలీటరుకు 10 ఎర్రకణాలు దాటితే అలాంటి నమూనాగా భావిస్తారు. అప్పుడు కనిపించిన బ్లాస్టులు మెదడు పొరలవో, రక్తంతో వచ్చినవో తేల్చడం కష్టం. పైగా ఆ గాయం ద్వారా క్యాన్సర్ కణాలు వెన్నునీటిలోకి చేరే ప్రమాదమూ ఉంది. అందుకే తొలి పంక్చర్‌ను అనుభవజ్ఞులైన చేతులకు అప్పగించాలంటారు. మరొక చిక్కు కాలం. మాంసకృత్తులు చాలా తక్కువగా ఉండే ఈ ద్రవంలో, శరీరం వెలుపల కణాలు త్వరగా చితికిపోతాయి. గంటో రెండు గంటలో ఆలస్యమైతే ఉన్న కణాలే లేనట్లు అనిపించవచ్చు. లింఫోమా విషయంలో ముందుగానే స్టెరాయిడ్లు ఇస్తే ఆ కణాలు కరిగిపోయి ఆనవాలు చెరిగిపోవచ్చు.

సూక్ష్మదర్శినిలో చురుకైన మామూలు లింఫోసైటుకూ క్యాన్సర్ కణానికీ పోలిక దగ్గరగా ఉంటుంది. ఫ్లో సైటోమెట్రీ ఈ లోపాన్ని కొంత తీరుస్తుంది. మెరిసే రంగులు తగిలించిన ప్రతిరక్షకాలు కణాల ఉపరితలంపై ఉన్న గుర్తులకు అంటుకుంటాయి. కణాలు ఒక్కొక్కటిగా లేజర్ ముందు సాగుతుంటే యంత్రం ఆ గుర్తులను చదువుతుంది. 2005లో వెలువడిన ఒక అధ్యయనంలో, కొత్తగా ఉద్ధృత లింఫోమా నిర్ధారణ అయి, మెదడుకు పాకే ప్రమాదమున్న 51 మందిని పరీక్షించగా, ఫ్లో సైటోమెట్రీ 11 మందిలో వ్యాధిని పట్టుకుంది. సూక్ష్మదర్శిని పట్టుకున్నది ఒక్కరిలోనే.

మెదడు లోపలి కణజాలంలో ఉన్న లింఫోమా ద్రవంలోకి కణాలను వదలకపోవచ్చు. అక్కడ ఎంఆర్ఐ, బయాప్సీ అవసరమవుతాయి. వెన్నునీటిలో తేలే డీఎన్ఏ ముక్కల్లో ఎంవైడీ88 అనే జన్యువులోని మార్పును వెతకడం ఇటీవలి మార్గం.

కనుక “అసాధారణ కణాలు కనబడలేదు” అన్న నివేదిక చెప్పేది ఆ కొద్ది మిల్లీలీటర్ల గురించి, ఆ గంట గురించి మాత్రమే. ఎంత ద్రవం తీశారు, ఎంతసేపటికి పరీక్షించారు, రక్తం కలిసిందా, స్టెరాయిడ్లు ముందే ఇచ్చారా, ఫ్లో సైటోమెట్రీ చేశారా అన్నవి తెలిస్తేనే ఆ వాక్యానికి విలువ కట్టగలం. రోగికి తలనొప్పి, చూపు రెండుగా కనిపించడం, ముఖం ఒకవైపు వాలిపోవడం వంటి లక్షణాలు ఉంటే, ఒక్క నివేదికతో సరిపెట్టుకోకుండా మళ్లీ పరీక్షించడమే ఉచితం.