కొలిచి వదిలిన ఖాళీ

ఎద్దుబండి చక్రాన్ని ఇరుసుకు తొడిగి, కొసన కడచీల దించాక కూడా ఆ చక్రం కాస్త అటూ ఇటూ జరుగుతుంది. అది వడ్రంగి పనితనం చాలక మిగిలిపోయిన సందు కాదు. ఆ మాత్రం జరుగుబాటు లేకపోతే చక్రం ఇరుసును పట్టేస్తుంది, కందెనకు చోటుండదు, ఎడ్ల మీద భారం పెరుగుతుంది. జరుగుబాటు మరీ ఎక్కువైతే చక్రం ఊగుతూ వచ్చి కడచీలను కొడుతుంది, నాలుగు ఊళ్లు తిరిగేసరికి చీల అరిగిపోతుంది. ఎంత వదలాలో బండి కట్టేవాడికి చేతి అంచనాగా తెలుసు. మోటారు ఇంజను గుండెలో తిరుగుతూ వాల్వులను తెరిచే ఇరుసైన క్యామ్‌షాఫ్ట్‌కూ ఇదే ధర్మం వర్తిస్తుంది. కాకపోతే అక్కడ వదలాల్సిన చోటు చేతి అంచనాకు అందదు. చాలా ఇంజన్లలో అది 0.05 నుంచి 0.25 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది, అంటే ఇంచుమించు ఒక తలవెంట్రుక మందం నుంచి మూడు వెంట్రుకల మందం దాకా. షాఫ్టు తన పొడవు వెంట ముందుకూ వెనక్కూ జరగగల ఈ దూరాన్ని మెకానిక్కులు ఎండ్ ప్లే అంటారు. భాగాలన్నీ బిగించాక మిగిలేది ఎండ్ ప్లే అని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. అదీ ఇంజనులో ఒక భాగమే. లోహంతో చేసింది కాదు కాబట్టి డబ్బాలో పెట్టి అమ్మరు, అంతే తేడా. క్యామ్ జీవితకథ మొత్తం ఈ మాటకు సాక్ష్యం చెబుతుంది.

క్యామ్ మోటారు కంటే చాలా పాతది. గుండ్రంగా తిరిగే ఇరుసు మీద ఒకచోట ఉబ్బు ఉంటే, తిరిగినప్పుడల్లా ఆ ఉబ్బు పక్కనున్న వస్తువును ఒకసారి ఎత్తి వదులుతుంది. తిరుగుడును ఎత్తుగా, ఎత్తును పనిగా మార్చే ఈ ఉపాయంతో క్రీస్తు శకం తొలి శతాబ్దానికే చైనాలో నీటి చక్రాలు దంపుడు రోకళ్లను ఎత్తి వదిలేవి. 1206లో అల్‌జజరీ పూర్తిచేసిన యంత్రాల గ్రంథంలో ఇరుసుకు దిగ్గొట్టిన మేకులు బొమ్మ వాద్యకారుల చేతులను కదిలిస్తాయి. మధ్యయుగాల యూరప్‌లో ఉన్ని బట్టను చిక్కబరిచే మిల్లులూ, ఇనుము సాగగొట్టే సుత్తులూ ఇలాగే నడిచాయి. ఆ యంత్రాల్లో ఇరుసు వేలెడంత పక్కకు జరిగినా నష్టం లేదు. రోకలి క్షణం ముందు పడినా వెనక పడినా ధాన్యం దంగుతుంది. అక్కడ క్యామ్ చేయాల్సింది ఎత్తడమే. సమయం పాటించే పని దానికి ఇంకా రాలేదు.

ఆ పని నాలుగు స్ట్రోకుల ఇంజనుతో వచ్చింది. 1876లో జర్మనీలో నికొలాస్ ఆటో నడిపిన ఇంజనులో గాలినీ ఇంధనాన్నీ పీల్చడం, నొక్కడం, మండించడం, పొగ వదలడం వరుసగా జరగాలి. ఈ నాలుగూ పూర్తికావడానికి పిస్టన్లు తిప్పే క్రాంక్‌షాఫ్ట్ రెండు చుట్లు తిరుగుతుంది. గాలిని లోపలికీ పొగను బయటికీ వదిలే వాల్వులను క్యామ్ ఉబ్బులు తెరుస్తాయి. ఒక్కో వాల్వు ఆ రెండు చుట్లలో ఒక్కసారే తెరుచుకోవాలి గనుక క్యామ్‌షాఫ్ట్‌ను సగం వేగంతో తిప్పుతారు. మొదట్లో ఈ బాధ్యత మొత్తం క్యామ్ మీద పెట్టలేదు. జర్మన్ ఇంజనీర్లు డైమ్లర్, మైబాఖ్‌ల తొలి ఇంజన్లలో పొగ వాల్వును మాత్రమే యంత్రం తెరిచేది. గాలి వాల్వు పిస్టన్ పీల్పుకే తెరుచుకుని, ఆ పీల్పు తగ్గగానే స్ప్రింగు బలంతో మూసుకునేది. వేగం పెరిగినకొద్దీ అది వెనకబడింది. 1901 నాటి 35 హార్స్‌పవర్ మెర్సెడెస్‌లో విల్‌హెల్మ్ మైబాఖ్ గాలి వాల్వులను కూడా క్యామ్‌షాఫ్ట్‌కే అప్పగించాడు. 1912లో ఫ్రెంచ్ గ్రాండ్ ప్రీ గెలిచిన పెజో కారులో రెండు క్యామ్‌షాఫ్ట్‌లు సిలిండర్ల నెత్తికెక్కి, సిలిండరుకు నాలుగు వాల్వులను నడిపాయి. నేటి మామూలు ఇంజను నిమిషానికి 3000 చుట్లు తిరుగుతుంటే దాని క్యామ్ సెకనుకు 25 చుట్లు తిరుగుతుంది. ఒక్కో వాల్వు సెకనుకు 25 సార్లు తెరుచుకుని మూసుకుంటుంది. రోకళ్లెత్తిన ఇరుసు ఇలా ఇంజనుకు గడియారమైంది. గడియారంలో ఇరుసు పక్కకు జరిగితే లెక్కలోకి వస్తుంది.

గుండ్రంగా తిరగాల్సిన షాఫ్టు పొడవు వెంట ఎందుకు జరుగుతుంది? దాన్ని నెట్టే బలాలు ఇంజనులోనే ఉన్నాయి. క్యామ్‌షాఫ్ట్‌ను తిప్పే టైమింగ్ గేర్ల పళ్లను చాలా ఇంజన్లలో ఏటవాలుగా కోస్తారు. నిటారు పళ్ల కంటే అవి మెత్తగా, చప్పుడు లేకుండా కలుస్తాయి. కానీ ఏటవాలు పన్ను తోటి పన్నును తిప్పుతూనే కొంత పక్కకూ తోస్తుంది. రెండో బలం ఉబ్బుల్లోనే దాగి ఉంటుంది. పుష్‌రాడ్లున్న పాత తరహా ఇంజన్లలో వాల్వుకు పోయే ఆ కడ్డీని ఎత్తే చదునైన అడుగున్న లిఫ్టర్ క్యామ్ మీద ఆనుతుంది. ఒకేచోట రాసుకుంటే లిఫ్టరూ క్యామూ రెండూ త్వరగా అరిగిపోతాయి. అందుకని క్యామ్ ఉబ్బును మిల్లీమీటరులో కొన్ని వందల వంతుల మేర వాలుగా సానబడతారు, లిఫ్టర్ అడుగును కంటికి తెలియనంత కుంభాకారంగా చేస్తారు, దాన్ని ఉబ్బు నడిమధ్యన కాక ఒక పక్కకు కూర్చోబెడతారు. దాంతో లిఫ్టర్ తన చుట్టూ తాను తిరుగుతూ అరుగుదలను పంచుకుంటుంది. ఆ వాలు మీద వాల్వు స్ప్రింగుల బలమంతా పడుతుంది కాబట్టి షాఫ్టు ఒకవైపుకు తోసుకుపోతుంది. ఇవన్నీ తెలిసి పెట్టిన బలాలే. వాటిని ఎక్కడో ఒకచోట ఆపాలి.

అలాగైతే సందే లేకుండా గట్టిగా బిగించవచ్చు కదా అన్నది మొదటి అభ్యంతరం. దీనికి జవాబు వేడి చెబుతుంది. 450 మిల్లీమీటర్ల పొడవున్న ఇనుప క్యామ్‌షాఫ్ట్ 90 డిగ్రీలు వేడెక్కితే దాదాపు అర మిల్లీమీటరు సాగుతుంది. అదే పొడవున్న అల్యూమినియం సిలిండర్ హెడ్ దాదాపు 0.9 మిల్లీమీటరు సాగుతుంది. రెండింటికీ తేడా 0.4 మిల్లీమీటరు. మనం వదిలే ఎండ్ ప్లే కంటే ఇదే ఎక్కువ! షాఫ్టును రెండు కొసల్లోనూ పట్టి ఉంచితే ఇంజను చల్లగా ఉన్నప్పుడు ఒకలా, వేడెక్కాక మరొకలా ప్రవర్తిస్తుంది. అందుకే క్యామ్‌షాఫ్ట్‌ను ఒకే ఒక్కచోట పట్టి ఉంచి, మిగతా పొడవును స్వేచ్ఛగా సాగనిస్తారు. కొన్నింటిలో ముందు వైపు ఒక థ్రస్ట్ ప్లేటు, కొన్నింటిలో హెడ్‌లో కోసిన గాడిలో తిరిగే అంచు ఆ పని చేస్తాయి. గాడి వెడల్పు ఏ 5 మిల్లీమీటర్లో అయితే వేడికి అక్కడ వచ్చే తేడా దాదాపు 0.005 మిల్లీమీటరు మాత్రమే. పెద్ద సమస్యను చిన్న చోటికి కుదించడమే ఇందులోని తెలివి. ఇక ఆ గాడిలోనూ నూనె పొరకు చోటుండాలి. లోహాన్ని లోహం తాకకుండా కాపాడేది ఆ పొరే. చోటు సున్నా అయితే నూనె దూరదు, రాపిడి వేడి పుట్టిస్తుంది, చివరికి ఆ ముఖాలు ఒకదాన్నొకటి పట్టేస్తాయి.

కొంచెం ఎక్కువైతే ఏం పోతుందన్నది రెండో అభ్యంతరం. లెక్క చూద్దాం. పాత పెట్రోలు ఇంజన్లలో నిప్పురవ్వను పంచే డిస్ట్రిబ్యూటర్‌ను క్యామ్‌షాఫ్ట్ మీదున్న ఏటవాలు గేరే తిప్పుతుంది. డిస్ట్రిబ్యూటర్ గేరు వ్యాసం 30 మిల్లీమీటర్లనుకుందాం. క్యామ్‌షాఫ్ట్ తిరగకుండా 0.2 మిల్లీమీటరు ముందుకు జరిగినా ఆ గేరు ముప్పాతిక డిగ్రీ తిరుగుతుంది. క్రాంక్ లెక్కలో అది ఒకటిన్నర డిగ్రీ. జరుగుడు ఒక మిల్లీమీటరుకు చేరితే తేడా ఏడున్నర డిగ్రీలు దాటుతుంది. షాఫ్టు ముందుకూ వెనక్కూ ఊగుతున్న ఇంజనులో నిప్పురవ్వ ఒకసారి తొందరపడుతుంది, ఒకసారి ఆలస్యమవుతుంది. ఎంత జాగ్రత్తగా టైమింగ్ పెట్టినా అది నిలవదు. పైగా ఊగిన ప్రతిసారీ అంచు ముఖాలు దెబ్బలు తింటాయి, ఉన్న సందు మరింత పెరుగుతుంది.

అక్షం వెంట జరుగుడు కాలాన్ని మారుస్తుందన్న సంగతికి ఇంకా బలమైన రుజువు ఇంజనీర్లే ఇచ్చారు. 1980లో ఆల్ఫా రోమియో తన స్పైడర్ కారులో వాల్వుల సమయాన్ని నడుస్తుండగానే మార్చే ఏర్పాటు పెట్టింది. నూనె ఒత్తిడితో ఒక చిన్న పిస్టన్ ఏటవాలు గాడుల మీద క్యామ్‌షాఫ్ట్ అక్షం వెంట జరుగుతుంది. అలా జరిగినప్పుడు క్యామ్‌షాఫ్ట్ తన గేరుతో పోలిస్తే కాస్త ముందుకు తిరుగుతుంది. 1992లో బీఎండబ్ల్యూ తెచ్చిన వానోస్ కూడా ఏటవాలు పళ్లున్న భాగాన్ని అక్షం వెంట జరిపే ఉపాయమే. అడ్డూ అదుపూ లేని జరుగుడు ఇంజనును కలవరపెడితే, అదే జరుగుడు అదుపులోకి వచ్చాక ఇంజనును మెరుగుపరిచింది.

షాఫ్టును ఆపే ప్లేటే లేకుండా దశాబ్దాలు నడిచిన ఇంజను ఉంది కదా అన్నది మూడో అభ్యంతరం, మూడింటిలోకీ గట్టిది. నిజమే. 1955లో షెవ్రొలె తెచ్చిన చిన్న బ్లాకు వీ-8 ఇంజనులో థ్రస్ట్ ప్లేటు లేదు. ఉబ్బుల వాలు షాఫ్టును ఎప్పుడూ వెనక్కి, బ్లాకు వైపుకు నెట్టి ఉంచేది. టైమింగ్ గేరు వెనక ముఖం బ్లాకు ముందు ముఖానికి ఆని తిరిగేది. ప్లేటు చేయాల్సిన పనిని అక్కడ వాలు చేసింది. రాపిడి తగ్గించేందుకు లిఫ్టర్ అడుగున చక్రం పెట్టిన రోలర్ క్యామ్‌లు వచ్చినప్పుడు సంగతి బయటపడింది. రోలర్‌కు చదునైన ఉబ్బు కావాలి, వాలు పనికిరాదు. వాలు పోగానే షాఫ్టును వెనక పట్టి ఉంచే బలమూ పోయింది. ఇలాంటి క్యామ్‌లు వేసుకున్నవారు గేరుకూ ముందు మూతకూ మధ్య ఒక బొడిపె పెట్టి ఆపాల్సి వచ్చింది. పలుచని రేకు మూత ఒత్తిడికి వంగి కొలతను అబద్ధం చేస్తుండడంతో మూతనూ గట్టిపరిచారు. 1987లో అదే ఇంజను కర్మాగారం నుంచే రోలర్ క్యామ్‌తో వచ్చినప్పుడు బ్లాకుకు బిగించిన థ్రస్ట్ ప్లేటూ వెంట వచ్చింది. ప్లేటు లేకపోవచ్చు గాని, ఆ ప్లేటు పని మాత్రం ఏ ఇంజనులోనూ లేకుండా పోలేదు.

ఇక బిగింపు. బ్లాకులో ఉండే క్యామ్‌షాఫ్ట్ అయితే ఉబ్బులకు చిక్కటి అసెంబ్లీ లూబ్, బేరింగుల్లో తిరిగే జర్నల్స్‌కు ఇంజన్ ఆయిల్ పూస్తారు. ముందు కొసకు పొడవాటి బోల్టు బిగించి పిడిలా పట్టుకుని, ఉబ్బుల అంచులు మెత్తటి బేరింగులను గీరకుండా నిదానంగా తిప్పుతూ లోపలికి పంపుతారు. థ్రస్ట్ ప్లేటు బోల్టులను కంపెనీ పుస్తకం చెప్పిన టార్కుకు (బిగింపు బలానికి) బిగిస్తారు, గేర్ల గుర్తులు కలుపుతారు. నెత్తి మీది క్యామ్ అయితే మూతలను అంకెల ప్రకారం పెట్టి, కంపెనీ పుస్తకం చెప్పిన వరుసలో, విడతలు విడతలుగా బిగించాలి. ఒక కొసను ముందే బిగించేస్తే స్ప్రింగుల బలం షాఫ్టును వంచుతుంది, ఒక్కోసారి విరిచేస్తుంది కూడా. తరవాత సన్నటి జరుగుడును అంకెగా చూపే డయల్ గేజీని అయస్కాంతపు స్టాండుతో నిలిపి, దాని సూది మొనను క్యామ్‌షాఫ్ట్ కొసకు, అక్షానికి సమాంతరంగా ఆనిస్తారు. షాఫ్టును పూర్తిగా వెనక్కి నెట్టి గేజీని సున్నా చేసి, మెల్లగా ముందుకు లాగి అంకె చూస్తారు. సూది ఏటవాలుగా ఉంటే అంకె తప్పుతుంది. వాల్వు స్ప్రింగుల బలం మీద ఉంటే షాఫ్టు సరిగా జరగదు, అప్పుడూ అంకె తప్పుతుంది. సందు ఎక్కువైతే ప్లేటు మార్చాలి లేదా తయారీదారు అనుమతించిన చోట షిమ్ (పలుచని రేకు) వేయాలి. తక్కువైతే ప్లేటు సరైనదేనా, గేరు పూర్తిగా కూర్చుందా అని మళ్లీ చూడాలి. ఈ కొలతకు పట్టేది కొద్ది నిమిషాలే. మూత బిగించాక ఇదే తప్పు దొరకాలంటే ఇంజనును మళ్లీ విప్పాలి.

చేయి తిరిగిన మెకానిక్కుకు గేజీ ఎందుకని అడిగేవారున్నారు. చేతి అనుభవం గొప్పదే. షాఫ్టు కదులుతోందో లేదో, పట్టేస్తోందో లేదో వేళ్లు వెంటనే చెబుతాయి. కానీ 0.1 మిల్లీమీటరుకూ 0.3 మిల్లీమీటరుకూ ఉన్న తేడాను అంకెగా చెప్పగలిగేది గేజీయే. అనుభవం ఎక్కడ కొలవాలో చెబుతుంది, గేజీ ఎంత ఉందో చెబుతుంది. ఒకటి ఉందని రెండోదాన్ని పక్కనపెట్టకూడదు. విద్యుత్ వాహనాలు వస్తున్న కాలంలో క్యామ్‌షాఫ్ట్ చదువు ఎందుకన్న మాటా వినిపిస్తుంది. మన పొలాల్లో తిరిగే ట్రాక్టర్లూ, సరుకు మోసే లారీలూ ఇంకా ఎక్కువగా డీజిల్ మీదే నడుస్తున్నాయి. ట్రాక్టర్ ఇంజన్లలో చాలావాటికి క్యామ్‌షాఫ్ట్ బ్లాకులోనే ఉండి గేర్ల మీదే తిరుగుతుంది. విద్యుత్ మోటారులోనూ తిరిగే షాఫ్టు ఉంది, బేరింగులున్నాయి, వేడికి సాగే లోహం ఉంది. యంత్రం మారినా ఎంత చోటు వదలాలన్న ప్రశ్న మారదు.

గట్టిగా బిగించడమే మంచి పని అని మనకు అలవాటుగా అనిపిస్తుంది. వదలాల్సినంత వదిలి, వదిలినదాన్ని కొలవడం అంతకంటే మంచి పని. ఇంజను కట్టే ప్రతి చేతికీ, ఐటీఐల్లో ఆ పని నేర్చుకుంటున్న ప్రతి విద్యార్థికీ ఒక్క మనవి. ముందు మూత బిగించే ముందు డయల్ గేజీని ఒక్కసారి ఆనించండి. వచ్చిన అంకెను ఆ ఇంజను పేరు పక్కన రాసిపెట్టండి. రేపు ఆ ఇంజను మళ్లీ విప్పినవాడికి ఎంత అరిగిందో చెప్పేది ఆ అంకే.