నత్తనడక కథకు నిలదీతలెక్కువ

సీరియల్ సాగదీస్తున్నారని ఒక ఫిర్యాదు, కథలో లొసుగులున్నాయని ఇంకో ఫిర్యాదు. చూస్తే రెండూ ఒకటే.

డాక్టర్ బాబు డీఎన్‌ఏ పరీక్ష ఎందుకు చేయించుకోడు? కొన్నేళ్ల పాటు తెలుగిళ్లలో ఇంతగా నలిగిన ప్రశ్న మరొకటి లేదేమో. రాయలసీమలోని కలకడ యాసలో అడిగితే అది ఇంకా సూటిగా ఉంటుంది: “ఆయప్ప డాక్టరే గదా, ఆ టెస్టేదో చేపిచ్చుకుంటే అయిపోతాది గదా!” 2017 అక్టోబరు నుంచి 2023 జనవరి దాకా స్టార్ మాలో 1,500కు పైగా ఎపిసోడ్లు నడిచిన ‘కార్తీక దీపం’ కథంతా భార్యకు పుట్టిన పిల్లలు తనవాళ్లు కాదన్న డాక్టర్ బాబు అనుమానం మీదే నిలబడింది. మలయాళ ‘కరుత్తముత్తు’ దీనికి మూలం. తమిళంలో ‘భారతి కణ్ణమ్మ’గా, కన్నడంలో ‘ముద్దులక్ష్మి’గా అదే కథ నడిచింది. మూడు రాష్ట్రాలు కలిసే కుప్పం లాంటి చోట రిమోట్ ఎటు నొక్కినా అదే డాక్టరు, అదే అనుమానం. భాష మారినా ప్రశ్న మారలేదంటే, తప్పు పట్టాల్సింది చూసేవాళ్ల చాదస్తాన్ని కాదు, కథ కట్టుబడిని.

సినిమాలో లొసుగు ఉన్నా చాలాసార్లు గట్టెక్కుతుంది. రెండున్నర గంటల్లో పాట, ఫైటు, కన్నీళ్లు ఒకదాని వెంట ఒకటి వచ్చిపడతాయి, ఆలోచించే తీరిక ఉండదు. సీరియల్ అలా కాదు. అరగంట చూపించి రేపటిదాకా ఆగమంటుంది. ఆ మిగతా సమయమంతా ప్రేక్షకుడిదే. పైగా జరిగిన కథ మళ్లీ చెబుతుంది, పాత సన్నివేశం మళ్లీ చూపిస్తుంది, ఒక్క మాటకు అందరి ముఖాల మీదా కెమెరా తిప్పుతుంది. ‘డాక్టర్ బాబు’ కార్తీక్ డాక్టరని వందసార్లు గుర్తుచేసింది సీరియలే. కథలోని విలన్ మోనిత ఆడించిన నాటకంలో, తనకు పిల్లలు పుట్టరన్న ఒక కాగితాన్ని నమ్మినవాడు రెండో కాగితం ఎందుకు అడగడన్న అనుమానాన్ని పెంచిందీ ఆ సాగతీతే. కథ ఎంత నెమ్మదిస్తే లొసుగు అంత పెద్దదిగా కనిపిస్తుంది. కాబట్టి జీడిపాకంలా సాగదీసే హక్కు కావాలనుకునే రచయిత సమాధానం కూడా అంత గట్టిగా సిద్ధం చేసుకోవాలి.

ఇది మన దగ్గరే పుట్టిన తగాదా కాదు. అమెరికాలో ఏబీసీ ఛానల్ 1966 జూన్ నుంచి 1971 ఏప్రిల్ దాకా ‘డార్క్ షాడోస్’ అనే సీరియల్‌ను పగటిపూట ప్రసారం చేసింది. పాత బంగళా, శాపాలు, దెయ్యాలు, మొత్తం 1,225 ఎపిసోడ్లు. తన పుట్టుక రహస్యం తెలుసుకోవడానికి విక్టోరియా వింటర్స్ అనే అనాథ ఆ బంగళాలో అడుగుపెట్టడంతో కథ మొదలవుతుంది. నడక మందగించి ఆదరణ తగ్గుతున్న వేళ, రెండొందల ఎపిసోడ్లు దాటాక, బార్నబస్ అనే రక్తపిశాచిని శవపేటికలోంచి లేపారు. సీరియల్ బతికింది, విక్టోరియా పక్కకు జరిగింది. ఆ పాత్ర వేసిన నటి 1968లో తప్పుకుంది. రహస్యం విప్పకుండానే సీరియల్ ముగిసింది. అంత నిదానమైన కథను అభిమానులు దశాబ్దాలుగా ప్రేమిస్తూనే ఉన్నారు, ఆ ఒక్క బాకీని మాత్రం ఇప్పటికీ అడుగుతున్నారు. సాగతీతకు క్షమాపణ ఉంది, మతిమరుపుకు లేదు.

రోజూ వండి వడ్డించే సరుకులో లొసుగులు వెతకడం అన్యాయం కాదా అని అడగొచ్చు. నటులు మానేస్తారు, రేటింగులు పడిపోతాయి, రాత్రి రాసింది పొద్దున్నే తీయాలి. నిజమే. అయితే ఈ కష్టాలు లొసుగు ఎలా వచ్చిందో చెబుతాయి గానీ దాన్ని పూడ్చవు. 2022లో ‘కార్తీక దీపం’లో డాక్టర్ బాబునీ, అతని భార్య ‘వంటలక్క’నీ ప్రమాదంలో చంపి, కథను పిల్లల మీదికి మళ్లించి, కొన్ని నెలలకే తిరిగి తీసుకొచ్చారు. జనం ఆ రాకకు సంతోషించారు, వచ్చిన తీరుకు నవ్వుకున్నారు. కూర తాలింపు వేస్తూ ఒక చెవి పడేసేవాళ్లకు లాజిక్కెందుకన్నది ఇంకో వాదన. కానీ అలా వినేవాళ్లకే పునరుక్తి బాగా పనిచేస్తుంది, కథ ముక్కలు కంఠతా వస్తాయి. డీఎన్‌ఏ పరీక్ష చేయిస్తే సీరియల్ అక్కడే అయిపోతుంది కదా అనేది మూడోది, అన్నిటికన్నా బలమైనది. కానీ చేయించకపోవడానికి డాక్టర్ బాబు అహంకారాన్నో, నిజం తేలితే తట్టుకోలేనన్న భయాన్నో పాత్ర గుణంగా నాటితే లొసుగే కథయ్యేది. ప్రశ్నను మూసిపెడితే మాత్రం అది నవ్వులపాలవుతుంది.

దెయ్యాల కథకు లాజిక్కేమిటనేవాళ్లకు యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’ జవాబు. ఆంధ్రభూమి వారపత్రికలో సీరియల్‌గా వచ్చిన ఆ నవల చేతబడిని ఒక పక్క, వైద్యాన్ని ఇంకో పక్క నడిపించింది. ఏది నమ్మాలో పాఠకుడు తేల్చుకోవాలి. రంగనాయకమ్మ ‘తులసిదళం కాదు గంజాయి దమ్ము’ అని పుస్తకమే రాశారు. మూఢనమ్మకాన్ని పెంచుతుందన్న ఆ అభ్యంతరం బరువైనదే. కానీ ఆ గొడవ నవల ఏం నమ్మిస్తోందన్న దాని మీద, రచయిత ఏం మరిచిపోయాడన్న దాని మీద కాదు. అసాధ్యమైన సంగతి చెప్పే కథకు నియమం మరింత అవసరం, ఎందుకంటే అందులో పాఠకుడికి పట్టుకొమ్మ ఆ నియమమొక్కటే. ఇవాళ్టి టీవీ రచయితలు వేగం పెంచనక్కర్లేదు. తాము అడిగించిన ప్రశ్నల లెక్క చూసుకుని, ఒక్కొక్కటీ తీరుస్తూ పోతే చాలు. ఆ లెక్క రాసుకోకపోతే మదనపల్లెలోనో పుంగనూరులోనో రోజూ సీరియల్ చూసేవాళ్లు ఎలాగూ రాసుకుంటారు, గట్టిగా అడుగుతారు కూడా.