సిమెంటు గచ్చు మీద రంగు మరకలు – తొలగించే పద్ధతులు, జాగ్రత్తలు

మట్టి నేలలున్న రోజులలో మరక అన్నది పెద్ద సమస్య కాదు. వారానికొకసారి పేడతో అలికితే పాత మరక అడుగున పడిపోయేది, పైన కొత్త నేల వచ్చేది. ఇప్పుడు పెద్దదోర్నాల నుండి అటు శ్రీశైలం దారిలో చూచినా, ఇటు మార్కాపురం దారిలో చూచినా వసారా, పశువుల కొట్టం, కుడితి తొట్టి, పాలకేంద్రం గది అన్నీ సిమెంటువే. సిమెంటు గట్టిదే గాని, దాని మీద ఒకసారి ఒలికినది అంత తేలికగా వదలదు. వదిలించబోయి గచ్చునే పాడు చేసుకున్నవారు, ఒకరిద్దరు పాలనే పాడు చేసుకున్నవారు కూడ ఉన్నారు.

కొన్ని సంవత్సరాల క్రిందట దోర్నాల వైపు ఒక సంఘానికి మేము వెళ్ళాము. ఊరి పేరు ఇక్కడ అనవసరం. ముందురోజు గోడ మీద సంఘం పేరు వ్రాయించినారు. వ్రాసే మనిషి నిచ్చెన దిగుతూ నీలం ఎనామిల్ డబ్బాను కాలితో తన్నినాడు. అది గచ్చు మీద ఒలికినది. కార్యదర్శి గారు రాత్రికి రాత్రే సీసాడు కిరసనాయిలు పోయించి, గోనెపట్టాతో రుద్దించి, తలుపు వేసుకొని వెళ్ళినారు. తెల్లవారి ఆ గదిలోనే పాలు పోయించుకున్నారు. శీతలీకరణ కేంద్రంలో కాను మూత తీసిన మనిషి వాసన చూచి ప్రక్కన పెట్టినాడు. మూడు కాన్లు, అనగా 120 లీటర్ల పాలు, తిరిగి వచ్చినవి.

“నీళ్ళు కలపలేదు సార్, వెన్న తగ్గలేదు, పులవలేదు. ఇంకేం తప్పుంది మా పాలల్లో?” అని కార్యదర్శి గారు మమ్మల్ని అడిగినారు. పాలలో తప్పు లేదు, గదిలో ఉన్నది. పాలలోని కొవ్వు చుట్టుప్రక్కల ఉన్న వాసనను తనలోకి పీల్చుకుంటుంది. కిరసనాయిలు, టర్పెంటైన్, ఫినాయిలు, రంగు – ఏది గదిలో ఉంటే అది పాలలో ఉంటుంది. పోసినవారికి ఆ పూట డబ్బు ఎవరివ్వాలనే దాని మీద ఆ ఊళ్ళో రెండు వారాలు తగవు నడిచింది. నీలం మరక మాత్రం పోకపోగా చాపంత వెడల్పయి కూర్చున్నది.

ఎందుకు వెడల్పయినదో తెలుసుకుంటే పని సగం తెలిసినట్లే. గచ్చు చూపుకు నున్నగా ఉన్నా అందులో కంటికి కనిపించని సన్నని రంధ్రాలుంటవి. కలిపిన నీటిలో మిగులు భాగం ఆరిపోతూ వదలిన దారులవి. గచ్చు వేసిన తరువాత తడపవలసినన్ని రోజులు తడపకపోతే ఈ రంధ్రాలు మరింత ఎక్కువ. మన ప్రాంతంలో ఎండాకాలం త్రాగే నీటికే ట్యాంకరు కోసం చూడవలసి ఉండగా, గచ్చు తడుపుటకు నీళ్ళెక్కడివి అనేవారున్నారు. నిజమే. కాని ఆ పొదుపు తరువాత ప్రతి మరకలోను బయట పడుతుంది. ఒలికిన రంగు మీద కిరసనాయిలు పోస్తే రంగు పలచబడి ఆ రంధ్రాలలోకి దిగుతుంది. అందువలన మొదట పోయవలసినది ఏదీ లేదు; మొదట చేయవలసినది ఎత్తివేయడం.

రంగు పచ్చిగా ఉండగా దాని మీద రంపపు పొట్టు గాని, జల్లెడ పట్టిన పొడి బూడిద గాని, ఇసుక గాని చల్లాలి. అంచుల నుండి మధ్యకు చల్లుతూ రావాలి. మధ్యలో మొదలు పెడితే రంగు ప్రక్కలకు పారుతుంది. పొడి రంగును పీల్చుకున్న తరువాత రేకు ముక్కతో గీకి ఎత్తాలి. రుద్దకూడదు. రెండు మూడు సార్లు ఇట్లు చేస్తే చాలా భాగం వచ్చేస్తుంది. మిగిలినది డిస్టెంపరు గాని, నీటితో కలిపే ఇతర రంగు గాని అయితే సబ్బు నీళ్ళు, కొబ్బరిపీచు చాలును. ఎనామిల్ అయితే గుడ్డకు కొద్దిగా టర్పెంటైన్ తడిపి, గుడ్డతోనే అద్ది తీయాలి. నేల మీద పోయరాదు. ఈ పని ఇంటి వసారాలో తలుపులు తెరచి, బీడీ, పొయ్యి దూరంగా ఉంచి చేయవచ్చు. పాలగదిలో మాత్రం వద్దు. అక్కడ ఎండిన తరువాత గీకి తీయుటే మంచిది. ఒక పూట ఆలస్యమైనా పాలు దక్కుతవి.

ఎండిన ఎనామిల్ కు పెయింటు అంగడిలో ఖరీదైన మందులు దొరుకుతవి. అవి లేకుండ మన ఇంటి వస్తువులతోనే ఒక పద్ధతి ఉన్నది. పాతకాలపు రంగు పనివారు వాడినదే. కొత్త సిమెంటు గోడకు వెంటనే నూనె రంగు వేస్తే కొద్ది నెలలకే పొరలు పొరలుగా రాలిపోవడం మీరు చూచే ఉంటారు. సిమెంటు గట్టిపడేటప్పుడు సున్నం పుడుతుంది. ఆ సున్నపు క్షారం రంగులోని నూనెను సబ్బుగా మారుస్తుంది. సబ్బయిన రంగుకు పట్టు ఉండదు. అక్కడ మనకు నష్టం చేసిన గుణాన్నే ఇక్కడ పనికి పెట్టుకోవచ్చు. బట్టల సోడా ఒక పాలు, తడిసిన సున్నం ఒక పాలు, కొద్దిగా నీటితో దోసెపిండి కంటె చిక్కగా కలపాలి. ఈ రెండూ కలిస్తే కాస్టిక్ సోడా తయారవుతుంది. మరక మీద అరంగుళం మందాన పట్టించి, ఆరిపోకుండ పైన తడి గోనెపట్టా కప్పి రాత్రంతా ఉంచాలి. ఉదయం చెక్కతో గీకితే రంగు మెత్తగా లేచి వస్తుంది. మొదటిసారి సగమే వస్తే మళ్ళీ పట్టించాలి. తరువాత నీళ్ళు పోసి రెండు మూడు సార్లు కడగాలి. నీటితో కలిపే ప్లాస్టిక్ రంగులు క్షారానికి అంతగా లొంగవు. వాటికి వేడినీళ్ళు, గీకుడు, ఓపిక.

కాస్టిక్ చర్మాన్ని కాలుస్తుంది. రబ్బరు తొడుగులు లేకుండ తాకరాదు. కంటిలో చింది పడితే, మార్కాపురం పోయే బస్సు కోసం చూచుటకు ముందే పదిహేను ఇరవై నిమిషాలు మంచినీళ్ళు ధారగా పోసి కడగాలి, ఆ తరువాతనే ఆసుపత్రి. పిల్లలు, కోళ్ళు, కుక్కలు ఆ వైపు రాకుండ చూడాలి. ఇంకొక మాట సంఘాల వారికి ప్రత్యేకంగా చెప్పాలి. పాలకాన్లు చాలా వరకు అల్యూమినియంవి. కాస్టిక్ సోడా అల్యూమినియాన్ని తింటుంది. ఈ ముద్దను కలిపిన చేతితో కాను పట్టుకొనుట, కానులోనే ముద్ద కలుపుట చేస్తే కాను గుంటలు పడి పనికిరాకుండ పోతుంది. ముద్ద కలుపుటకు మట్టి మూకుడు గాని ప్లాస్టిక్ బొచ్చె గాని వాడండి.

గీకి తీసిన రంగును ఏమి చేస్తారు? ఈ ప్రశ్న వేస్తే చాలామంది నవ్వుతారు. పెంటకుప్పలోనే గదా అంటారు. పాత ఎనామిల్ రంగులలో సీసం ఉండేది. ఇంటి రంగులలో సీసం పదిలక్ష పాళ్ళలో 90 పాళ్ళు మించరాదని మన దేశంలో 2016లో నిబంధన చేసి, 2017 నవంబరు నుండి అమలులోకి తెచ్చినారు. అంతకు ముందు వేసిన తలుపులు, కిటికీ చువ్వలు, గాటి గుంజల మీద ఉన్న రంగును అనుమానించవలసిందే. దూడకు దొరికినదెల్లా నాకే గుణం ఉన్నది. రాలిన రంగు పెచ్చులు కొద్దిగా తియ్యగా కూడ ఉంటవి. సీసం కడుపులోకి పోయిన దూడ పళ్ళు కొరుకుతుంది, చూపు మందగించి గోడలకు తల ఆనిస్తుంది, వణికి పడిపోతుంది. కుక్క కరిచిందేమో, గాలి సోకిందేమో అని ఇళ్ళలో అనుకుంటూ ఉండగానే చనిపోయే దూడలున్నవి. పాడి పశువు తింటే ఆ సీసం పాలలోకి కూడ వస్తుంది. అందువలన గీకిన రంగును కాగితంలో పోగు చేసి, బావికి, పెంటకుప్పకు, మేత భూమికి దూరంగా లోతైన గుంట తీసి పూడ్చాలి. పొయ్యిలో వేయరాదు, ఆ పొగ మనుషులకే ప్రమాదం. పొడిగా ఉప్పుకాగితంతో రుద్దరాదు, తడిపి గీకాలి. రాతి పొడి ఊపిరితిత్తులను ఏమి చేస్తుందో పలకలు కోసే మార్కాపురం వారికి మేము చెప్పనక్కరలేదు. సిమెంటు పొడి కూడ ఆ జాతిదే.

ఇక అందరికీ ముందు గుర్తుకు వచ్చేది యాసిడ్. అంగడిలో పదునైన వాసనతో దొరికే ఆ సీసాను మేము ఎవరికీ సిఫారసు చేయము. యాసిడ్ రంగును తీయదు. రంగు క్రింద ఉన్న సిమెంటును తీస్తుంది. నురుగు రావడం చూచి మరక పోతున్నదని సంతోషిస్తాము. పోతున్నది గచ్చులోని సున్నం. ఆరిన తరువాత పై నునుపు పోయి గరుకు తేలుతుంది, మరుసటి మరక ఇంకా లోతుగా దిగుతుంది. కడప బండలకు, బేతంచర్ల బండలకు ఇంకా చేటు, అవి సున్నపురాళ్ళు. అనుమానముంటే ఒక మూల నిమ్మరసం చుక్క వేసి చూడండి, కొద్దిసేపటికి అక్కడ మెరుపు తగ్గుతుంది.

యాసిడ్ పోసిన చోట పాచి కూడ పోవాలని బ్లీచింగ్ పౌడరు చల్లినవారిని మేము చూచినాము. ఇది ప్రాణం మీదికి తెచ్చే పని. రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది. 1915లో బెల్జియం దేశంలో యుద్ధభూమి మీద సైనికులను చంపుటకు వదలిన వాయువు అదే. మూసిన స్నానాల గదిలో అది నాలుగు నిమిషాలు చాలును. ఎవరైనా ఇట్లు చేసి దగ్గు, ఊపిరాడకపోవడం మొదలైతే అన్నీ వదలి బయట గాలిలోకి రావాలి.

సంఘాలలో ఇంకొక యాసిడ్ ఉన్నది. యంత్రాలు వచ్చిన తరువాత తగ్గినా, వెన్న పరీక్షకు గెర్బర్ పద్ధతిలో 10 మిల్లీలీటర్ల గంధకికామ్లం వాడడం ఇంకా తెలిసిన విషయమే. పరీక్ష అయిన తరువాత బ్యూటిరోమీటరు గుమ్మం ప్రక్కన కుమ్మరించే అలవాటు వలన ఎన్నో కేంద్రాలలో అక్కడ నల్లగా గుంట పడి ఉంటుంది. అది మరక కాదు, తినివేసిన గచ్చు. ఏ మందుకూ పోదు. గంధకికామ్లం సిమెంటును జిప్సముగా మార్చి ఉబ్బించి పొడి చేస్తుంది. ఒలికినప్పుడు మొదట నీళ్ళు పోయరాదు, చిట్లి మీద పడుతుంది. పొడి సున్నం గాని బట్టల సోడా గాని చల్లి, బుసలు ఆగిన తరువాత ఎత్తి, అప్పుడు ఎక్కువ నీళ్ళతో కడగాలి.

పాలు కూడ గచ్చుకు శత్రువేనంటే కొందరు నమ్మరు. ఒలికిన పాలు పులిసి లాక్టిక్ ఆమ్లమవుతుంది. రోజూ కొంచెం కొంచెంగా సున్నాన్ని తింటుంది. తూకం పెట్టే చోట కంకర తేలి ఉండుటకు కారణం ఇదే. ఒలికిన వెంటనే చన్నీళ్ళతో కడగాలి. మరిగే నీళ్ళు మొదటనే పోస్తే పాలలోని మాంసకృత్తులు అట్టకట్టి అంటుకుంటవి. చన్నీళ్ళ తరువాత వేడినీటిలో బట్టల సోడా వేసి పీచుతో రుద్ది, మళ్ళీ కడగాలి. రోజుకు రెండుసార్లు, ప్రతి పూట పాలు వెళ్ళిన వెంటనే.

ఇళ్ళలో వచ్చే చిన్న మరకలను గురించి కొద్దిగా. గడపకు పూసిన పసుపు సిమెంటు మీద జారితే ఎర్రబడుతుంది. పారాణి కలపడం తెలిసిన తల్లులకు ఇది వింత కాదు. పసుపు, సున్నం కలిస్తే ఎరుపు గదా. సోడాతో కడిగితే ఇంకా ఎర్రబడుతుంది. సబ్బుతో కడిగి, నాలుగు రోజులు ఎండ తగలనిస్తే పసుపు తనంతట తానే వెలిసిపోతుంది. ఇనుప బకెట్ల తుప్పు మరకకు, మొదట గచ్చును నీటితో బాగా తడిపి, అప్పుడు నిమ్మరసం, ఉప్పు అద్ది, ఐదు నిమిషాలలో కడిగివేయాలి. ఎక్కువసేపు ఉంచితే అదీ యాసిడ్ పనే చేస్తుంది. మోటారు నూనె మరకకు సుద్దపొడిని సబ్బునీళ్ళతో ముద్ద చేసి పట్టించి, పూర్తిగా ఎండనిచ్చి ఊడ్చాలి. ఎండుతూ నూనెను పైకి లాగుతుంది. కొత్త గచ్చు మీద తెల్లని ఉప్పు పూస్తే తడిపి రుద్దకండి, పొడి చీపురుతో ఊడ్చండి. బోరునీటి తెలుపు తొట్ల అంచున పేరుకున్నచోట దానిని చెక్కతో గీకి వదలివేయడమే మేలు. అదీ సున్నమే, తొట్టీ సున్నమే. ఒకదానిని కరిగించే మందు రెండవదానిని విడిచిపెట్టదు.

వానాకాలపు పాచికి లీటరు నీటిలో రెండు చిన్న చెంచాల బ్లీచింగ్ పౌడరు కలిపి, పశువులను బయటకు తోలి చల్లి, పావుగంట ఉంచి, పీచుతో రుద్ది కడగాలి. చూడి పశువు పాచి మీద జారితే ఆ నష్టం ఏ గచ్చు ఖరీదుకూ సరిపోదు. అందుచేత కొట్టంలో గచ్చు నున్నగా వేయించుకోవడం కంటె, పచ్చిగా ఉండగానే గీతలు గీయించుకోవడం మంచిది.

కుడితి తొట్టి లోపల రంగు ఉంటే పైన చెప్పిన సోడా సున్నపు ముద్దతో తీసి, తొట్టిని నిండా నింపి పారబోయాలి. ఇట్లు రెండుసార్లు చేసిన తరువాతనే పశువును తొట్టికి వదలాలి. మళ్ళీ లోపల రంగు వేయించవద్దు. ఆరు నెలలకొకసారి పలచని సున్నం కొట్టి, ఆరనిచ్చి, ఒకసారి కడిగితే చాలును.