గ్రానైట్‌లో ఏముంది? రాయి కోసేవాళ్లకు తెలియాల్సిన సంగతి

గ్రానైట్ మెరుపు గురించి, ధర గురించి అందరూ మాట్లాడతారు. అందులో ఏముందో మాత్రం దాన్ని కోసే కూలీలకు ఎవరూ చెప్పరు. ఈ పనిలో ఉన్నవాళ్లలో దళిత, ఆదివాసీ, వడ్డెర, వలస కుటుంబాలవాళ్లు చాలామంది. ముందు తెలియాల్సింది వాళ్లకేనని మేం అనుకుంటున్నాం.

భూమి లోతుల్లో కరిగిన శిలాద్రవం చాలా నెమ్మదిగా చల్లారి గ్రానైట్ అవుతుంది. అందుకే దాని స్ఫటికాలు కంటికి కనిపించేంత పెద్దవిగా ఉంటాయి. గులాబీ, తెలుపు, గోధుమ రంగుల్లో ఉండేది ఫెల్‌స్పార్. గాజుముక్కలా ఉండేది క్వార్ట్జ్, అంటే మన పలుగురాయి. తళుక్కుమనేది అభ్రకం. గట్టిదనాన్ని కొలిచే మోస్ స్కేలుపై వజ్రం 10 అయితే క్వార్ట్జ్ 7, ఫెల్‌స్పార్ 6. గ్రానైట్ గచ్చు తొందరగా అరగకపోవడానికి కారణం ఇదే.

ప్రమాదమూ అక్కడే ఉంది. క్వార్ట్జ్ అంటే సిలికా. డ్రిల్లు వేసినప్పుడు, కోసినప్పుడు అది దుమ్మవుతుంది. ముతక దుమ్ము ముక్కులో, గొంతులో ఆగుతుంది. కంటికి కనిపించనంత సన్నటిది ఊపిరితిత్తుల చివరిదాకా పోయి అక్కడే ఉండిపోతుంది. దాని చుట్టూ మచ్చలు కట్టి ఊపిరితిత్తులు గట్టిపడతాయి. ఇదే సిలికోసిస్. దీన్ని నయం చేసే మందు లేదు. ఇది ఉన్నవాళ్లకు టీబీ కూడా తేలిగ్గా వస్తుంది.

బజారులో గ్రానైట్ పేరుతో అమ్మేదంతా గ్రానైట్ కాదు. ప్రకాశం జిల్లా చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ శాస్త్రం ప్రకారం గాబ్రో జాతి రాయి. అందులో బంగారు చుక్కల్లా మెరిసేది బ్రాంజైట్ అనే ఖనిజం. క్వార్ట్జ్ చాలా తక్కువ. అసలైన గ్రానైట్‌లోనైతే లేతరంగు ఖనిజాల్లో కనీసం ఐదో వంతు క్వార్ట్జే. రాయి మారితే దుమ్ములో సిలికా కూడా మారుతుంది. కాబట్టి ఏ రాయి కోస్తున్నామో, అందులో సిలికా ఎంతో యజమానిని అడగడం కూలీల హక్కు.

నీళ్లు పోస్తూ డ్రిల్లు వేస్తే, కోస్తే దుమ్ము బాగా తగ్గుతుంది. మూతికి కట్టుకున్న తువాలు సన్నటి దుమ్మును ఆపదు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే సిలికోసిస్‌ను అధికారులకు తప్పనిసరిగా తెలపాల్సిన వ్యాధుల్లో చేర్చింది. పరిహారం ఇవ్వాల్సిన వృత్తి వ్యాధుల్లోనూ ఇది ఉంది. కానీ చీటీలో టీబీ అని మాత్రమే రాస్తే పరిహారం అడగడం కష్టమవుతుంది. దగ్గు, ఆయాసం ఉంటే ఎన్నేళ్లుగా రాయి పని చేస్తున్నారో డాక్టరుకు చెప్పండి. ఛాతీ ఎక్స్‌రే తీయించుకోండి. మీ పని వివరాలు ఆసుపత్రి కాగితంలో రాయించుకోండి.